కూతురి పాట మీద మొదటి సంతకం

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్ల తెలుగు సంఘంలో ఎవరినైనా బల్ల నుంచి ఆపాలంటే ముందు ఎలీయాజరు నోరు విప్పాలి. బల్ల అంటే ప్రభువు బల్ల. నెలలో మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం అందరికీ అందుతాయి, తప్పు చేసినవాడికి మాత్రం అందవు. పళ్లెం వాడి ముందు నుంచే పక్కవాడి దగ్గరకి వెళ్లిపోతుంది, వాడు తల దించుకుని కూర్చుంటాడు. చూసేవాళ్లకి అది వెలివేతలా కనబడుతుంది గానీ, సంఘ పెద్దగా ఎలీయాజరు నమ్మకం వేరు. ఆపడమంటే గెంటెయ్యడం కాదు, రమ్మని పిలవడం. తాగి యార్డులో పడిపోయాడని పోలయ్యని ఆపారు. వాడు పెద్దలందరినీ పేరుపేరునా తిట్టాడు, గుడి ముందు నుంచి ఉమ్ముకుంటూ నడిచాడు, క్రిస్మస్ దగ్గరపడేసరికి వచ్చి అందరి ముందూ నిలబడి తప్పు ఒప్పుకున్నాడు. పాస్టరు అయ్యగారు అందరి ముందూ కుడిచెయ్యి కలిపి, కుడిచేతి సహవాసం ఇచ్చి చేర్చుకున్నారు. ఆ పూట సంఘమంతా వాడింట్లోనే కోడికూర తిన్నది. అన్న మీద చెయ్యి చేసుకున్న మల్లేశు సంగతీ అంతే. బయట కూర్చోబెట్టిన ప్రతివాడూ ఎప్పుడో ఒకప్పుడు లోపలికి వచ్చినవాడే. గూడ్సు బండి గార్డుగా పాతికేళ్లు చేసిన మనిషికి, ఎర్రజెండా చూపించేది బండిని పడగొట్టడానికి కాదని వేరే చెప్పాలా?

ఆ ధీమాతోనే సొంత కూతురి పాట మీద మొదటి సంతకం ఆయనే పెట్టాడు.

కూతురి పేరు విజయ కుమారి. ఒక్కర్తే పిల్ల. క్వాయర్‌లో ముందు వరసలో నిలబడి, ఎలీయాజరు హార్మోనియం పట్టుకుంటే తను పై స్వరం అందుకునేది. ఆ గొంతు వింటే పక్క క్వార్టర్ల బెంగాలీ ఆడవాళ్లు కూడా కిటికీలు తీసుకుని నిలబడేవారు. అలాంటి పిల్ల కాలేజీ అయ్యాక బ్యాండు వాళ్లతో హోటళ్లలో పాడి, అక్కణ్ణుంచి బొంబాయి వెళ్లి, క్యాసెట్ల కంపెనీ చేతిలో పడి ‘విజి’ అయిపోయింది. ఎలీయాజరు కోప్పడ్డాడు. మాట్లాడడం మానేశాడు. మానేసి, వారానికోసారి భార్య డోర్కాస్ చేత ఫోన్ చేయించి, పిల్ల తింటోందో లేదో కనుక్కునేవాడు.

తొంభై ఎనిమిదిలో, వానలు ముదిరిన రోజుల్లో, విజి హిందీ పాట ఒకటి టీవీలో మొదలైంది. గంటకోసారి వేస్తున్నారన్నారు. పిల్ల తెల్లబట్టలు కట్టుకుని, చర్చి పక్కనున్న చెరువులోకి దిగి, మునిగి లేచి, తడిబట్టలతో డాన్సు చేస్తుందట. బాప్తిస్మం తీసుకునేటప్పుడు ఆడవాళ్లు కట్టుకునేది కూడా తెల్లబట్టలే. ఇక చూడండి. ఆ మాట స్టేషన్లో పుట్టినప్పుడు గౌను మోకాళ్ల దాకా ఉంది. రేషన్ షాపు క్యూ దాటేసరికి మోకాళ్ల పైకి పోయింది. ఆదివారం ఆరాధనకి వచ్చేసరికి పిల్ల ఒంటి మీద నూలుపోగు లేదు. గోరంతను కొండంత చేయడంలో మన సంఘాలకి ఎవరూ నేర్పక్కర్లేదు.

ఎలీయాజరు ఆ పాట చూడలేదు. ఆయన ఇంట్లో టీవీ లేదు. సంఘ పెద్దల ఇళ్లలో టీవీ ఉండకూడదని కట్టుబాటు. పెద్దల్లో సగం మంది పక్కింట్లో కూర్చుని చూసేవారు, అది వేరే సంగతి. ఎలీయాజరు మాత్రం మాటంటే మాటే.

ఆ గొడవలోకి కమ్యూనిస్టు పార్టీ వచ్చింది. లోకల్ కమిటీ తపన్ దాదాకి అలాంటి పాటలంటే మంట. దానికి వాళ్ల దగ్గర తయారుగా ఒక మాట ఉంది, అపసంస్కృతి. దేవుడు లేడనే పార్టీ, దేవుడు తప్ప ఇంకేం లేదనే సంఘం ఉప్పూ నిప్పూలా ఉండేవి, శవపేటిక మోసుకెళ్లే దారి దగ్గర కూడా తగువులాడుకునేవి. అలాంటిది ఒక ఆడపిల్ల పాట ఆపించడానికి రెండూ ఒక్క బెంచీ మీద కూర్చుని టీ తాగాయి.

ఆ బెంచీ గుడి వరండాలో వేశారు. ఢిల్లీకి పంపాల్సిన అర్జీ తపన్ దాదా ఇంగ్లీషులో రాయించుకొచ్చాడు. పేపరు విలేకరిని కూడా వెంటబెట్టుకొచ్చాడు.

“పైన ఎవరి పేరు పెడదాం?” అని అడిగాడు కృపాకర్ అయ్యగారు.

“తండ్రి పేరు, ఇంకెవరిది?” అన్నాడు తపన్ దాదా. “ఎలీయాజరు దాదా, మీరు ముందు పెడితే వెయ్యి సంతకాల బరువు.”

అయ్యగారు ఎలీయాజరు వైపు తిరిగి గొంతు తగ్గించాడు. “మీకు కష్టంగా ఉంటే ఒద్దు లెండి. ఎవలూ ఏటీ అనుకోరు.”

ఎలీయాజరుకి కష్టంగా లేదు. అదే ఆ తర్వాత బతుకంతా ఆయన్ని తినేసిన సంగతి. కోపంతో పెట్టి ఉంటే కోపం దిగాక తనని తాను క్షమించుకునేవాడేమో. ఆయన ఆశతో పెట్టాడు. పాట ఆగిపోతుంది, కంపెనీ వదిలేస్తుంది, పిల్ల ఇంటికొస్తుంది. నాలుగు రోజులు అలుగుతుంది, ఆనక అందరి ముందూ ఒక్క మాట చెప్తుంది. అయ్యగారు కుడిచెయ్యి అందిస్తారు. క్రిస్మస్ ఆరాధనలో హార్మోనియం పక్కన నిలబడి ఏ పాట పాడాలో కూడా ఆయన అప్పుడే అనుకున్నాడు. కలం తీసుకుని, ఒక్కో అక్షరమూ విడివిడిగా, పెద్దగా రాశాడు.

ఇంటికొచ్చి డోర్కాస్‌కి చెప్పాడు. ఆవిడ బియ్యం ఏరుతోంది.

“ఆపించీస్తే వచ్చీస్తాదా?” అంది.

“రాకపోతే ఎక్కడికెళ్తాది?”

ఆవిడ ఏరిన చేటలోనే మళ్లీ ఏరుకుంటూ కూర్చుంది.

అర్జీ అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. కలకత్తా పేపర్లలో ‘కన్నతండ్రే వద్దంటున్నాడు’ అని వచ్చింది. బొంబాయి పేపర్లు అందుకున్నాయి. ఇంకా నాలుగు ఊళ్ల సంఘాలు అర్జీలు పెట్టాయి. ఢిల్లీ నుంచి ఆర్డరు వచ్చింది, ఛానల్ పాట తీసేసింది. ఆ పాటే కాదు, ఆ పిల్ల పాడిన మిగతావి కూడా వెయ్యడానికి జంకారు. దుర్గాపూజ పందిళ్లలో పాడించుకుంటామని బయానా ఇచ్చినవాళ్లు వెనక్కి తీసుకున్నారు. కంపెనీ ఇంకో అమ్మాయిని వెతుక్కుంది. ఎలీయాజరు ఇవన్నీ వింటూ, బండి స్టేషనుకి దగ్గరవుతున్నట్టు లెక్కేసుకున్నాడు.

విజయ ఫోన్ చేసింది. ఆయనే ఎత్తాడు.

“నాన్నా, మొదటి సంతకం నువ్వే పెట్టేవంట. నిజవేనా?”

“నీ మంచికేనమ్మా. ఏటీ మనసులో పెట్టుకోక. ఇంటికొచ్చీ. సంఘం ముందర ఒక్క మాట చెప్పీసేవంటే అన్నీ సర్దుకుంటాయి.”

“ఏటని చెప్పాలి?”

“తప్పయిపోయిందని.”

“పాట చూసేవా నాన్నా?”

“మనింట్లో టీవీ లేదు కదమ్మా.”

పిల్ల ఏడుస్తుందేమో అనుకున్నాడు, ఏడిస్తే బాగుండుననుకున్నాడు. ఆ పిల్ల ఏడవలేదు. “ఢిల్లీవోళ్లు నాకు సుట్టాలు కారు. ఆలు కూడా చూసే ఆపేరు,” అంది. “నువ్వొక్కడివే చూడకండా ఆపీసేవు.”

ఫోన్ పెట్టేసింది.

ఆ క్రిస్మస్‌కి ఎలీయాజరు హార్మోనియం బాగుచేయించాడు. డోర్కాస్ అరిసెలు వండింది. పిల్ల రాలేదు. మరుసటి ఏడూ రాలేదు. పోలయ్య దారి వేరు. వాడు తనంతట తాను రాలేదు, ఆపినవాళ్లే వాడింటికి వెళ్లి, బతిమాలి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. టీవీలో పాట ఆపినవాళ్లు మళ్లీ పిలవడానికి ఎవరింటికీ వెళ్లరు. లోకానికి ఆపడం ఒక్కటే వచ్చు, చేర్చుకోవడం రాదు. ఇంత చిన్న సంగతి ఎలీయాజరుకి తెలియలేదంటే, పాపం, ఆయన బతుకంతా యార్డుకీ గుడికీ మధ్యనే గడిచింది మరి.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆయనకి అప్పుడు ఆ పాట చూడాలనిపించింది. కేబుల్ నడిపే బాప్పా దగ్గరకి వెళ్లి, ఎవరూ లేనప్పుడు అడిగాడు. వాడు నవ్వాడు. “కాకూ, బంద్ చేయించింది మీరే. ఇప్పుడు నన్నడిగితే ఎక్కణ్ణుంచి తేను?” తపన్ దాదాని అడిగాడు, అసలు మీరైనా చూశారా అని. చూడలేదట, కమిటీలో నిర్ణయం అయిందట. కృపాకర్ అయ్యగారిని అడిగాడు. అయ్యగారు చూడలేదు, ఆయన మరదలు చెప్పింది. మరదలికి రేషన్ షాపులో ఎవరో చెప్పారు.

ఇంటికొచ్చి కూలబడ్డాడు. “ఒక్కడంటే ఒక్కడు చూడలేదే,” అన్నాడు.

“నేను చూసేను,” అంది డోర్కాస్.

ఆయన తలెత్తాడు.

“పక్కింటి బెంగాలీ వదిన, బౌదీ వాళ్లింట్లో. మూడు పాలి చూసేను.”

“ఏటుంది అందులో?”

“గౌను మోకాల్దాకానే, అది నిజవే. పిల్ల నీళ్లలోంచి లెగుస్తాది. గట్టు మీద ఎవలూ ఉండరు. అటూ ఇటూ చూస్తాది, అప్పుడు పాడతాది. తరవాత డాన్సువోళ్లొస్తారు, ఇంకంతా ఆలతో డాన్సే.” ఆవిడ కొంగుతో కళ్లు తుడుచుకుంది. “బాగా పాడిందండీ. మీరు నేర్పినట్టే, పైకెళ్లినప్పుడు గొంతు కంగారు పడలేదు.”

“నాకెందుకు చెప్పలేదే?”

“సంతకం పెట్టీసొచ్చి చెప్పేరు మీరు. పెట్టక ముందు అడిగేరా?”

ఎలీయాజరు ఆ వారం డ్యూటీలో బ్రేక్ వ్యాను వెనక నిలబడి, వెనక్కి పోతున్న పట్టాలు చూస్తూ ఒకే మాట పదేపదే అనుకున్నాడు. ఇంట్లో చూసిన మనిషి ఉండగా, చూడని ఊరి మాట విన్నాను.

తర్వాతి మొదటి ఆదివారం, బల్ల సిద్ధం చేశాక, ఎలీయాజరు లేచి నిలబడ్డాడు. ఆయన లేచాడంటే ఇవాళ ఎవరికో మూడిందని అందరూ సర్దుకుని కూర్చున్నారు.

“నేను తప్పు చేసేను,” అన్నాడు. “చూడకండా నా బిడ్డ మీద సంతకం పెట్టేను. దాని నోటికాడ కూడు తీసీసేను. నన్ను బల్ల నించి ఆపండి.”

కృపాకర్ అయ్యగారు దగ్గరకొచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

“ఎలీయాజరు గారూ, అది తప్పు కాదండి. దేవుడి కోసం సొంత బిడ్డని కూడా చూసుకోలేదు మీరు. మా అందరికీ అది సాక్ష్యం. కూచోండి.”

వెనక నుంచి ఎవరో ఆమెన్ అన్నారు. మిగతావాళ్లూ అన్నారు. తాగుబోతుకి ఉన్న దారి ఆయనకి లేకుండా పోయింది. చేసింది తప్పే కాదంటుంటే ఒప్పుకోవడం ఎలాగ, ఒప్పుకోనివాడిని చేర్చుకోవడం ఎలాగ? పళ్లెం ఆయన దగ్గరకి వచ్చింది. ఆయన ముట్టుకోకుండా పక్కవాడికి అందించాడు. మరుసటి నెలా అంతే చేశాడు. ఎవరూ ఆపనివాడు తనని తానే ఆపుకున్నాడు. మొదట్లో బతిమాలారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత ఆయన దగ్గర పళ్లెం నిలపడం మానేశారు.

అలా ఏళ్లు గడిచాయి. ఎలీయాజరు రిటైరై క్వార్టరు ఖాళీ చేసి, దగ్గర్లోనే చిన్న వాటా అద్దెకి తీసుకున్నాడు. విజయ బొంబాయిలోనే ఉంది. పిల్లలకి సంగీతం చెప్తుంది, సబ్బులకీ టీపొడికీ ప్రకటనల్లో పాడుతుంది. ఆ గొంతు ఇప్పుడు రోజూ టీవీలో వస్తుంది, పేరు రాదు. తల్లితో పండగలకి మాట్లాడుతుంది. తండ్రి బాగున్నాడా అని అడుగుతుంది, ఎరిగున్నవాళ్ల గురించి అడిగినట్టు. ఆ పిల్లకి ఇంకా తన మీద కోపం ఉందని ఎలీయాజరుకి గట్టి నమ్మకం. ఆ కోపాన్నే పట్టుకుని బతుకుతున్నాడు. పోలయ్య తిట్టుకుంటూ వచ్చాడు, మల్లేశు పళ్లు కొరుక్కుంటూ వచ్చాడు. కోపమున్న మనిషి ఎప్పుడో ఒకనాడు గుమ్మం దాకా వచ్చి, నాలుగు తిట్టి, ఏడ్చి, లోపలికొస్తుంది. ఆ తిట్లు తినడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు.

ఒక ఈస్టరు పూట డోర్కాస్ ఉండబట్టలేక ఫోన్లో కూతురికి చెప్పేసింది, మీ నాన్న ఇన్నేళ్లుగా రొట్టె ముట్టలేదని. మాట్లాడి వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఆవిడ ముఖం అంత వెలుగ్గా ఉండడం ఆయన చూసి చాలా కాలమైంది.

“చెప్పీసేనండీ. పాపం, అది నొచ్చుకుంది. నాన్నని తీసుకోమనమ్మా, నాకు కోపం ఏటీ లేదు అంది.”

“కోపం లేదందా?”

“ఎప్పుడో పోయిందంట. పాత సంగతులు సరిగ్గా గురుతు కూడా లేవంట.”

“వస్తానందా?”

“నేనూ అడిగేను. ఇప్పుడెందుకమ్మా రావడం, మీరిద్దరూ సుఖంగా ఉంటే నాకదే చాలు అంది. మనసు మంచిది నా బిడ్డది.”

ఎలీయాజరు గోడ వైపు తిరిగి, చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. సంతోషంతో ఏడుస్తున్నాడనుకుని, డోర్కాస్ చాలాసేపు ఆయన వీపు నిమురుతూ కూర్చుంది.