పిండి డబ్బాలో తూటాలు

ముందు బూటు పాలిష్ వాసన వచ్చింది. ఆ వెనక మనిషి వచ్చాడు.

బయట వాన. వీధంతా బురద. ఆ బూట్ల మీద మాత్రం ఒక్క మరక లేదు.

పదిహేడేళ్లు సైన్యంలో పనిచేసి ఇంటికి వచ్చేసిన జవాను. ప్లీడరు ఎదురుగా, కుర్చీకి ఆనుకోకుండా నిటారుగా కూర్చున్నాడు.

"కొట్టాను సార్. అడిగింది చెప్పలేదని కొట్టాను. తుపాకీ కూడా ఎత్తాను, మా ఆవిడ మీదికే. ప్రాణభయమని ఆమే కేసు పెట్టింది."

ఏం అడిగాడో ప్లీడరు అడగలేదు. కలానికి మూత పెట్టేశాడు. కొన్ని మాటలు రాసుకోకపోవడమే మేలని అతనికి తెలుసు.

"ఈ మాట ఇంకెక్కడా అనకండి," అన్నాడు.

వాన పెద్దదైంది.

పోలీసులు ఇల్లు సోదా చేసి రాసిన జాబితాలో పదకొండో వరుస... వంటింట్లో, పిండి డబ్బాలో, గుడ్డలో చుట్టిన ఆరు తూటాలు. తుపాకీ ఖాళీ.

ప్రభుత్వ ప్లీడరుకి తల గోక్కునే తీరిక లేదు. ఆయన చూపు ఆ వరుస దాకా పోలేదు. జవాను తరఫు ప్లీడరు చూపు అక్కడే ఆగింది. వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

ఆ పూట రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తర్వాత్తర్వాత అది గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోయేవాడు.

సాక్షి బోనులో జవాను భార్య. విరిగి అతుక్కున్న మణికట్టు కాస్త వంకర. దాన్ని రెండో చేత్తో కప్పుకుంది.

"మెట్ల మీంచి పడ్డానని ఆసుపత్రిలో చెప్పారా అమ్మా?"

"చెప్పాను."

"తూటాలు తీసి డబ్బాలో దాచిందెవరు?"

"నేనే."

"అంటే... ఆ రోజు తుపాకీ ఖాళీదని మీకు తెలుసు."

"తెలుసండి. కానీ—"

"చాలమ్మా."

కూర్చున్నాడు.

సాక్షిని ఎందుకని అడగకు నాయనా — పని నేర్పిన పెద్ద ప్లీడరు మాట అది. జవాబు తెలియని ప్రశ్న వేస్తే కోరి కొరివితో తల గోక్కున్నట్టే. ఇరవై ఏళ్లుగా ఆ మాట తప్పలేదు. ఆ మాటే అన్నం పెట్టింది.

ప్రభుత్వ ప్లీడరు లేచి అడగవచ్చు. ఒక్క మాట. ఎందుకు దాచావమ్మా అని.

ఆయన గడియారం చూసుకున్నాడు. ప్రశ్నలేమీ లేవన్నాడు.

ఆమె మాత్రం దిగలేదు. జడ్జి వైపు, ప్లీడర్లిద్దరి వైపు, మళ్లీ జడ్జి వైపు చూసింది. ఎవరో ఒకరు అడుగుతారని ఆమె ఆశ. బంట్రోతు రెండుసార్లు చెప్పాక దిగింది.

నెల తిరిగింది. వాన మాత్రం తెరిపివ్వలేదు.

ఖాళీదని తెలిసిన తుపాకీతో ప్రాణభయమేమిటని కేసు కొట్టేశారు.

జవాను మడమలు కలిపి సెల్యూట్ చేశాడు. ప్లీడరుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గెలిచిన రోజున ఇలా కావడం అతనికి కొత్త.

వరండాలో ఆమె ఒక్కతే గొడుగు విప్పుతోంది. అతని కాళ్లు వాటంతటవే అటు నడిచాయి.

"ఎందుకు దాచారమ్మా?"

"ఇప్పుడా అడగడం?"

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

"తలుపేసుకుని తుపాకీ నోట్లో పెట్టుకునేవారండి. రెండుసార్లు నా కళ్లతో చూశాను. అందుకే తూటాలు తీసేశాను. ఎక్కడ పెట్టావో చెప్పమని చెయ్యి మెలిపెట్టారు. చెప్పలేదు. ఖాళీ తుపాకీ ఎత్తి బెదిరించారు. అయినా చెప్పలేదు."

"మరి ప్రాణభయమని కేసు..."

"ప్రాణభయమేగా. ఎవరి ప్రాణమని ఎవరూ అడగలేదు. మామూలుగా చెబితే ఎవరొస్తారండి? కేసు పెడితే పోలీసులు తుపాకీ పట్టుకుపోతారు కదా అని..."

వాన చూరు మీంచి ధారగా పడుతోంది. ఆ చప్పుడులో ఆమె గొంతు సన్నగా వినబడింది.

"ఇప్పుడు ఆయన తుపాకీ ఆయనకి ఇచ్చేస్తారా, లాయరుగారూ?"

దరఖాస్తు అతని చంకలోని ఫైల్లోనే ఉంది. తుపాకీ, లైసెన్సు, ఆరు తూటాలు తిరిగి ఇప్పించమని. పొద్దున తనే రాశాడు. జవాను సంతకం పెట్టాడు. ఇంకా లోపల కౌంటర్‌లో ఇవ్వలేదు.

ఇవ్వకపోతే నమ్మి వచ్చినవాడికి ద్రోహం. ఇస్తే...

ఆమె కదలలేదు. జవాబు కోసం అతని ముఖంలోకే చూస్తోంది.

వరండా ఆ చివర నుంచి జవాను పిలిచాడు.

"సార్, కౌంటర్ మూసేస్తారంట. రండి సార్, త్వరగా."