ద్రాక్షరసం పులిసిన ఆదివారం

మా మామగారు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. నాలుగోది ఆయన చేతిలోనే తన్నుకుంటున్నా సరే, మూడే. రైతుకు ఆ మాత్రం పట్టుదల లేకపోతే నేల మాట వినదంటారు. నేల సంగతి నాకు తెలియదు గానీ ఇంట్లో మేమందరం వినేవాళ్ళం.

వాళ్ళది తాతల నాటి నుంచీ మెథడిస్టు కుటుంబం. ఊరి చివర చర్చికి గోడ కట్టినా, బెంచీలు చేయించినా వాళ్ళ చెయ్యి పడాల్సిందే. పాస్టరుగారు ఇలాంటి చర్చిలు చాలా చూసుకోవాలి కాబట్టి మా దగ్గరికి నెలకొకసారి వస్తారు. ఆ ఆదివారమే ప్రభు భోజనం, క్రీస్తును తలుచుకుంటూ అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. దానికి కావలసిన ద్రాక్షరసం మా తోటలోదే, మా ఇంట్లో కాచిందే. మెథడిస్టులు ప్రభు భోజనంలో పులిసిన రసం పోయరు. పళ్ళు పిండి, వడగట్టి, బాగా కాచి, వేడి మీదే సీసాల్లో నింపి మూతలు మైనంతో బిగిస్తారు. అలా చేస్తే ఏడాదైనా తియ్యగానే ఉంటుంది. తాగుడు మానుకున్నవాడు కూడా భయం లేకుండా చెయ్యి చాపాలని పెద్దలు పెట్టిన పద్ధతి అది.

మా చర్చిలో అలా చెయ్యి చాపేవాడు కమ్మరన్న. ఒకప్పుడు సుత్తి, పట్టకారు కూడా అమ్ముకుని తాగాడు. భార్య పిల్లల్ని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయాక, మా మామగారే అతన్ని చెయ్యి పట్టుకుని చర్చికి తీసుకొచ్చారు. ఇప్పుడు చుక్క ముట్టడు. కొలిమి మళ్ళీ వెలిగింది, భార్యాపిల్లలు తిరిగొచ్చారు.

నేను పుట్టిందీ తాగుబోతు ఇంట్లోనే. మా నాన్న తాగడమే కాదు, పెరట్లో పళ్ళు పులియబెట్టేవాడు. చివరికి అదే ఆయన్ని తీసుకుపోయింది. పెళ్ళి మాటలప్పుడు ఈ సంగతి మేం దాచలేదు. మామగారు విని, పోయినవాళ్ళ మాట మనకెందుకు, మా ఇంట్లో ఆ ప్రస్తావనే రాదన్నారు. మంచికే అన్నారు. రాలేదు కూడా. నేను "మా నాన్న" అని నోరు తెరిస్తే చాలు, అత్తగారు ఉప్పు డబ్బా ఎక్కడుందని అడిగేవారు. ఆకాశం నుంచి ఊడిపడ్డదానిలా బతికాను ఆ ఇంట్లో. ఆ బాధ ఎవరికీ చెప్పుకోలేదు.

ఆ ఏడు రసం కాస్తుండగా ఆవుకు నొప్పులొచ్చాయి. దూడ అడ్డం తిరిగింది. అందరం పాకలోకి పరుగెత్తాం. దూడ దక్కింది, పొయ్యి ఆరిపోయింది. గోరువెచ్చగా ఉన్న రసాన్నే మామగారు సీసాల్లో పోయించారు. ఇంకోసారి కాద్దామని నేనన్నాను. "ఆవిరి రావడం నా కళ్ళతో చూశాను, చాలు," అన్నారాయన. ఇక ఎవరు మాట్లాడతారు?

తర్వాత మా అక్క కాన్పుకని ఊరెళ్ళాను. ప్రభు భోజనం ఉన్న ఆదివారం పొద్దున్నే తిరిగొచ్చేసరికి ఇంట్లో అంతా రసం కబుర్లే. ఒక సీసా మూత దానంతటదే ఎగిరి పైకప్పుకు కొట్టుకుందట. ఈసారి పంటలో బలముందని, నాలుక మీద చురుక్కుమంటోందని మామగారు పొంగిపోతున్నారు. అత్తగారికి ఒక గ్లాసు తాగగానే మోకాళ్ళ నొప్పులు మాయమై, గిన్నెలు తోముతూ కీర్తనలన్నీ వరసపెట్టి పాడారట. మా ఆయన కంచె కట్టడానికి వెళ్ళి కంచె పక్కనే నిద్రపోయాడట.

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటుంది లోకం. మావాళ్ళు కల్లు తాగి పాలనుకున్నారు. పుట్టి బుద్ధెరిగాక చుక్క ముట్టనివాళ్ళకు ఆ రుచి ఎలా తెలుస్తుంది, పాపం.

నాకు నవ్వు రాలేదు. వంటింట్లోకి వెళ్ళాను. చర్చిలో పంచే చిన్న గాజు గిన్నెలు పళ్ళెంలో బోర్లించి ఉన్నాయి. పక్కన బుట్టలో సీసాలు. ఒకదాని మూత తీశాను. మా నాన్న వచ్చి నా పక్కన నిలబడ్డట్టయింది.

బయటికొచ్చి, రసం పులిసింది, చర్చికి వద్దని చెప్పాను. మామగారు ముఖం గంటు పెట్టుకున్నారు. తాతల నాటి నుంచీ మద్యం గడప తొక్కని ఇంట్లో, నేనే మద్యం చేశానంటావా అన్నారు. ఈ మాట నువ్వు తప్ప ఇంకెవరైనా చెప్పగలరా అని కూడా అడిగారు. చెప్పగలిగినవాడు ఊళ్ళో ఇంకొకడున్నాడు. ఆ ఆలోచన మా ఆయనకే వచ్చింది. కమ్మరిని పిలిచి వాసన చూపిద్దాం, అతనికైతే తెలుస్తుందన్నాడు.

మా ఆయన మంచివాడు. ఆ పూట మాత్రం నెత్తిన ఒక్కటి మొట్టాలనిపించింది. దేన్నించి అతన్ని కాపాడాలో దాన్నే తీసుకెళ్ళి ముక్కు కింద పెట్టమంటాడు!

ఇంతలో చర్చి గంట మోగింది. ఒక్క గుక్కకు ఏమవుతుందిలే, పాస్టరుగారు ఎదురుచూస్తుంటారని అత్తగారు బుట్ట ఎత్తబోయారు. నేను ముందే లాక్కుని వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. తాడో పేడో ఇవాళే తేలాలి.

"ఒక్క గుక్కకు ఏమవుతుందో నాకు తెలుసత్తయ్యా. మా నాన్న ఒకసారి పూర్తిగా మానేశాడు. మళ్ళీ పనిలోకి వెళ్ళాడు, మాకు చెప్పులు కొన్నాడు. ఎవరో మర్యాదకని ఒక్క గుక్క ఇచ్చారు. ఆ రోజు ఇంటికి రాలేదు. ఇక ఎప్పుడూ మానలేదు."

ఎవరూ ఉప్పు డబ్బా అడగలేదు. బుట్టను ఇంకా దగ్గరికి లాక్కున్నాను.

"ఆయన పులియబెట్టినదాన్ని వడగట్టింది ఈ చేతులే, మామయ్యా. నాకు వేరే సాక్షి అక్కర్లేదు. కమ్మరన్న నోటి దాకా దీన్ని పోనివ్వను. కావాలంటే నన్ను నెట్టుకుని వెళ్ళండి."

మామగారు దగ్గరికొచ్చి బుట్ట పట్టుకున్నారు. నేను వదల్లేదు. ఆయనా వదల్లేదు.

"వదులమ్మా," అన్నారు చివరికి. "పారబోయాలి."

పెంటకుప్ప దగ్గరికి వెళ్ళి సీసాలన్నీ ఒంపేశారు. తర్వాత అరలో ఉన్నవి కూడా తెచ్చి ఒంపారు. ఏడాదికని కాచిన రసమంతా మట్టిలో కలిసింది. ఆయన ముఖం చూడలేకపోయాను. కానీ ఆయన అక్కడ ఆగిపోలేదు, చేతులు కడుక్కుని తోటలోకి నడిచారు. ఆదివారం కత్తెర ముట్టని మనిషి, కోతలో మిగిలిపోయిన గుత్తుల కోసం తీగ తీగా వెతికారు. చర్చి బట్టల్లోనే అందరం వెతికాం. దొరికిన గుప్పెడు పళ్ళు గుడ్డలో వేసి పిండితే చిన్న సీసాడు వచ్చింది.

మేం వెళ్ళేసరికి పాస్టరుగారు తెలిసిన కీర్తనలన్నీ పాడించేసి, తెలియనివి మొదలుపెట్టారు. మామగారు తిన్నగా ముందుకు వెళ్ళి నిలబడ్డారు.

"ఆలస్యం నావల్లే. నేను చేసిన రసం పులిసి మద్యమైంది. తెలియక తాగాను. బాగుందని రెండో గ్లాసు కూడా పోసుకున్నాను. మా కోడలు పట్టుకోకపోతే మీ అందరికీ పోసేవాణ్ణి."

నవ్వాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ముందు నవ్వింది కమ్మరన్నే. తర్వాత అందరూ నవ్వారు. అప్పటికి అతను నవ్వు ఆపేసి తల దించుకున్నాడు. పక్కనున్న భార్య అతని చొక్కా చెయ్యి పట్టుకుంది. పళ్ళెం తన దగ్గరికి వచ్చినప్పుడు అందరిలాగే గిన్నె తీసుకుని తాగాడు.

బయటికొచ్చాక నా దగ్గరికొచ్చి, "అది నా నోట్లో పడుంటే ఈ పూట ఇంటికి పోయేవాణ్ణి కాదు, చెల్లెమ్మా," అన్నాడు. నాకు తెలుసన్నాను. అతను తల ఊపి, పిల్లల్ని పిలుచుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇంటికి వస్తుంటే మామగారు నా పక్కకొచ్చి నడిచారు. ఎప్పుడూ ముందు నడిచే మనిషి.

"మీ నాన్న ఏం పని చేసేవాడమ్మా?"

వడ్రంగి అన్నాను. తలుపులు చేసేవాడా, నాగళ్ళా అని అడిగారాయన. రెండూ చేసేవాడని చెప్పాను. ఆయన నడక తగ్గించారు. ఇల్లు వచ్చేదాకా నేను మా నాన్న గురించి చెబుతూనే ఉన్నాను.