గెలుపు ముక్క

బియ్యం మూడుసార్లు కడిగినా నీళ్ళు ఇంకా తెల్లగానే వస్తున్నాయి. సుమియే వాటిని వంపేసి మళ్ళీ కుళాయి తిప్పింది. ఫిబ్రవరి నీళ్ళు, చేతుల్ని కొరికేస్తున్నాయి. వేళ్ళ కణుపులు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. చూపుడువేలి మీద నిన్న నూనె చింది కాలినచోట చర్మం పొంగి, నీళ్ళు తగిలినప్పుడల్లా చురుక్కుమంటోంది.

ఒసాకా ఊరి చివర, పంపుల కంపెనీ పరుగు జట్టు ఉండే హాస్టలు అది. ఇరవై ఏళ్ళ పైనుంచీ ఆ వంటింట్లో పొయ్యి వెలిగించేదీ ఆర్పేదీ ఆవిడే. అరవై దాటింది. పొట్టి మనిషి, నడుము కాస్త ముందుకు వంగింది, నడిచేటప్పుడు ఎడమ మడమ లోపలికి తిరుగుతుంది. పరుగంటే ఏమిటో ఆవిడకి వంటింటి వైపు నుంచే తెలుసు. ఎవడు ఎంత అన్నం తింటాడు, ఎవడికి పందెం ముందు రోజు ముద్ద దిగదు, ఎవడు ఓడి వచ్చి తల వంచుకుని చారు జుర్రుకుంటూ ఏడుస్తాడు, అన్నీ ఎరుగును. తను మాత్రం పోయే బస్సు కోసం కూడా ఏనాడూ పరిగెత్తలేదు. "పోతే పోనీ, ఇంకోటి రాదూ" అంటుంది.

మొగుడు పోయాక ఈ పనిలో చేరింది. పిల్లల్లేరు. వచ్చిన కుర్రాళ్ళందరూ పిన్నీ అనే పిలిచారు. జట్టు వదిలి వెళ్ళాక మళ్ళీ ఈ గుమ్మం తొక్కినవాడు లేడు. లోకరీతి అని సరిపెట్టుకుంది. కుసునోకి సంగతి వేరు. పదకొండేళ్ళుగా ఉంటున్నాడు. ఓ చలికాలం ఆవిడ మంచు మీద జారి మడమ విరగ్గొట్టుకుంటే, అంబులెన్సు వచ్చేదాకా ఆగలేక వీపున వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. "బియ్యం బస్తా నయం పిన్నీ, అది నోరు మూసుకునైనా ఉంటుంది" అని దారి పొడుగునా నవ్వించాడు. ఆ నొప్పిలో కూడా ఆవిడకి నవ్వాగలేదు.

ఆ కుసునోకికి ముప్ఫై నాలుగొచ్చాయి. ఇవాళ్టి మారథాన్‌లో జపాను వాళ్ళలో మొదటి ఆరుగురిలో వస్తే జట్టులో ఉంచుతారు. లేకపోతే తొయామా ఫ్యాక్టరీలో పంపులు బిగించే పనికి పంపేస్తారు. కోచ్ ఈ మాట భోజనాల గదిలో చెబుతుంటే సుమియే వంటింట్లో ముల్లంగి తరుగుతూ వింది. ఆ రోజు నుంచీ ఆవిడ మనసు మనసులో లేదు.

లేకపోబట్టే నిన్న ఆ పని చేసింది. పందేనికి మూడు రోజుల ముందు నుంచీ నూనె ముట్టుకోకూడదని డైటీషియన్ అమ్మాయి శాసనం. ఇన్నేళ్ళూ సుమియే దాన్ని జవదాటలేదు. కానీ కత్సు అంటే వేయించిన పందిమాంసం ముక్క. కత్సు అంటే గెలవడం కూడాను. రెండింటికీ ఒకటే పలుకు. పరీక్షకి పోయే పిల్లకీ, కోర్టుకి పోయే మొగుడికీ ముందు రోజు ఇంటి ఆడవాళ్ళు కత్సు వేయించి పెట్టకుండా ఉంటారా? ఆవిడ తల్లి పెట్టింది, తల్లికి తల్లి పెట్టింది. వీడికి పెట్టేవాళ్ళెవరున్నారు? నిన్న సాయంత్రం మంచి కండ చూసి, దట్టంగా రొట్టెపొడి అద్ది, బంగారు రంగు వచ్చేదాకా వేయించి, అన్నం మీద పరిచి డబ్బా కట్టింది. రెండు రైళ్ళు మారి, పరుగు వాళ్ళని దింపిన హోటలు కౌంటర్లో ఇచ్చొచ్చింది. కాసేపటికి అతనే ఫోన్ చేశాడు. "మెతుకు మిగల్చలేదు పిన్నీ" అన్నాడు. ఆ మాటకి ఆవిడ కడుపు నిండిపోయింది.

"సుమియే అక్కా, మొదలైపోయింది, రా!" భోజనాల గదిలోంచి చిజురు కేకేసింది.

ఎదురు వరసలో క్షౌరశాల నడుపుతుంది చిజురు. పక్కన కూర్చున్న ముసలాయన టోఫు దుకాణం ఇకోమా. ఏటా మారథాన్ నాడు ఇద్దరూ ఇక్కడికే వస్తారు. ఇంట్లో టీవీలు లేక కాదు, తిట్టడానికి తోడు కావాలి. జట్టు కుర్రాళ్ళు జెండాలు పట్టుకుని రోడ్డు పక్కకి పోయారు. సుమియేకి ఆ అదృష్టం ఎప్పుడూ లేదు, తిరిగొచ్చే నోళ్ళకి అన్నం ఎవరు వండుతారు?

"పరుగు చూపించరా అంటే హెలికాప్టరెక్కి నది చూపిస్తాడేమిటి వీడు!" ఇకోమా అప్పుడే మొదలెట్టాడు. "నది ఎక్కడికి పారిపోతుంది? రేపు చూపించుకోవచ్చుగా!"

ముందు వరసలో విదేశీయులు, వాళ్ళ భుజాలకి అంటుకుని ఒక కాలేజీ కుర్రాడు. కెమెరా ఆ కుర్రాణ్ణి వదలదు. వ్యాఖ్యాత అతని అమ్మమ్మ ఉల్లితోట గురించి గొంతు పూడుకుపోతుండగా చెప్పుకుపోతున్నాడు.

"మళ్ళీ అమ్మమ్మా!" చిజురు తల కొట్టుకుంది. "ఇంకో రెండుసార్లు చెబితే ఆవిడే గెలిచేస్తుంది."

"వెనకాల వాళ్ళని చూపించవయ్యా మగడా. వాళ్ళూ కాళ్ళతోనే పరిగెడుతున్నారు" అన్నాడు ఇకోమా.

సుమియే గుమ్మంలో నిలబడి చూస్తోంది. బొమ్మ మారింది. పుడ్డింగు వేషం కట్టిన సినిమా నటుడొకడు చేతులూపుతూ పోతున్నాడు. బొమ్మ మళ్ళీ మారింది. బీరు ప్రకటన. ఆవిడ వెళ్ళి కడిగిన బియ్యం నానబెట్టి వచ్చింది. ఇంకా బీరే. గిన్నెలు కడగడానికి మళ్ళీ వంటింట్లోకి పోయింది.

అప్పుడు, ముందు వరస మలుపు తిరుగుతుండగా, తెర మూలన రెండో గుంపు కనపడింది.

"ఎర్ర బనీను! అక్కా, అదిగో మనవాడే!"

సుమియే తడి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. అవును, పరిగెత్తింది. గోరంత ముఖం, కానీ ఆ ఎడమ భుజం ఎత్తి పరిగెత్తే తీరు ఎక్కడున్నా పోల్చుకుంటుంది. జపాను వాళ్ళలో ఏడోవాడు. ఆరోవాడి మెడ అప్పుడే వేలాడిపోతోంది, ఇద్దరికీ నడుమ నాలుగంగలు కూడా లేవు.

"పట్టుకో! పట్టెయ్యి వాణ్ణి!" ఇకోమా కుర్చీలోంచి లేచిపోయాడు.

తినిపించిన ముక్క ఇప్పుడు పనిచేస్తోందనుకుంది సుమియే. గెలుపు కడుపులో ఉంది కదా అనుకుంది.

ప్రకటన వచ్చింది. కారు, తర్వాత జలుబు మందు, తర్వాత మళ్ళీ కారు.

"వీడి దుంప తెగ! పందెం మధ్యలో కార్లెవడు కొంటాడ్రా!"

ప్రకటనలైపోయాక ముందు వరసే, అమ్మమ్మ తోటే. చాలాసేపటికి రెండో గుంపు కనపడింది. ఆ మెడ వాల్చినవాడు అలాగే ఈడ్చుకుపోతున్నాడు. ఎర్ర బనీను లేదు.

"ఏడీ?" అన్నాడు ఇకోమా.

టీవీలో అతను ఉన్నాడని అసలెప్పుడూ అనలేదు, కాబట్టి ఇప్పుడు లేడనీ అనలేదు. చిజురు ఫోన్ తీసింది. పందెం చూసే లోకమంతా అందులో కూర్చుని టీవీ వాణ్ణి దుమ్మెత్తి పోస్తోంది. "మేం టీవీ పెట్టింది పుడ్డింగు వేషం చూడ్డానికా", "ఉల్లిపాయల కార్యక్రమం బాగుంది, మారథాన్ ఎప్పుడు" అని చదువుతూ నవ్వుతున్నదల్లా చటుక్కున ఆగింది.

"చదువు" అంది సుమియే.

"ఏదో వాగుడు అక్కా."

"చదవమన్నానా."

చిజురు గొంతు తగ్గించింది. "వంతెన దగ్గర నిలబడి పందెం చూస్తున్నాడట ఎవడో. పంపుల కంపెనీ ముసలాడు కడుపు పట్టుకుని రోడ్డు దాటి దుకాణం మరుగుదొడ్లోకి దూరాడు అని రాశాడు. ఇంకా బయటికి రాలేదట. ఆ మాట కింద రాసే జనం... దిక్కుమాలిన జనం, నవ్వుతున్నారు. ఆ దుకాణానికే పతకం ఇవ్వండి అంటున్నారు."

"పాపం" అన్నాడు ఇకోమా. "నిన్న ఏం తిన్నాడో ఏమో."

సుమియే వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. నిన్నటి నూనె మూకుడులో అలాగే ఉంది, చల్లారి చిక్కబడి. డైటీషియన్ పిల్ల చిలక్కి చెప్పినట్టు చెప్పింది. చదువుకున్న పిల్ల, దాని మాట వింటే ఏం పోయింది? పేరులో గెలుపుంటే పేగుల్లో ఉంటుందా? పదకొండేళ్ళు అన్నం పెట్టిన చేత్తోనే వాడి నోట్లో మట్టి కొట్టాను, అనుకుంది. అవతల గదిలో ఎవడో గెలిచాడు. చప్పట్లు వినపడ్డాయి.

పొద్దు వాలుతుండగా కుసునోకి వచ్చాడు. కుర్రాళ్ళింకా వీధి స్నానశాల నుంచి తిరిగి రాలేదు. ముఖం పీక్కుపోయి ఉంది, పెదాల మీద ఉప్పు తేలింది.

"పిక్క పట్టేసింది పిన్నీ" అన్నాడు కూర్చుంటూ. "వంతెన దగ్గర. ఖర్మ."

"నాతోనా అబద్ధాలు?"

అతను కోటు విప్పి, బనీను మీదున్న నంబరు గుడ్డ ఊడదీయడం మొదలెట్టాడు.

"ఊళ్ళో అందరికీ తెలుసు. ఫోన్లలో నవ్వుతున్నారు. నా చేతులు పడిపోనూ, నేనే చేశాన్రా ఇదంతా" అంది సుమియే. ఏడుపు ఆపుకోలేదు. "తెలిసి తెలిసీ ఎందుకు తిన్నావు?"

"రెండు రైళ్ళెక్కి తెచ్చావు. పారేసి పడుకుంటే పొద్దున్న నాకు కాళ్ళు ఆడతాయా? ఒక్క ముక్క కొరికి ఆపేద్దామనే అనుకున్నా. పదకొండేళ్ళు ఉడకేసిన కోడి తిన్న నోరు పిన్నీ. ఆగలేదు."

"కోచ్‌తో నేను చెబుతా. వాడి తప్పు లేదు, ముసలిదానికి బుద్ధి లేక పెట్టింది అని చెబుతా. ఇంకో పందెం ఇస్తారు."

"నాకివ్వరు. నిన్ను తీసేస్తారు." వచ్చాక తొలిసారి ఆవిడ కళ్ళలోకి చూశాడు. "కోచ్‌కి పిక్క అని చెప్పాను. అందరికీ పిక్కే. నువ్వూ పిక్కనే చెప్పాలి. నా మీద ఒట్టు."

ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆ మాంసం ఇంకా ఉందా?" అన్నాడు.

"ఛీ, ఏం మాటలవి!"

"వేయించు. ఇవాళ నాకు ఏ శాసనమూ లేదు. తృప్తిగా తిననీ."

రొట్టెపొడి సగం నేల మీద పడింది. కొత్త నూనె పోసింది. మాంసం బంగారు రంగు వచ్చేదాకా వేయించింది. అతను పళ్ళెం ముందు పెట్టుకుని, నూరిన ఆవాల ముద్ద నంజుకుంటూ, ఆవిడ చూస్తుండగా చివరి ముక్కదాకా నెమ్మదిగా నమిలి తిన్నాడు. నీ వంటకి నాకేం కాలేదు చూడు అన్నట్టు. ఆ తినడం చూడలేక ఆవిడ పొయ్యి వైపు తిరిగింది.

"కుర్రాళ్ళొచ్చేలోపు పోతాను. వాళ్ళ జాలి భరించలేను. తొయామాలో అన్నయ్య ఇంట్లో ఉంటా, సామాను తర్వాత పంపిస్తారు."

రోజూ పొద్దున్నే గుమ్మం దాటుతూ "వెళ్ళొస్తాను" అని అరిచేవాడు. "వెళ్ళిరా" అని ఆవిడ వంటింట్లోంచే అరిచేది. ఇవాళ బూట్లు తొడుక్కుని, నడుము పూర్తిగా వంచి, "ఇన్నాళ్ళూ నన్ను చూసుకున్నావు" అన్నాడు. ఆ మాట మళ్ళీ రానివాళ్ళు అనేది. "వెళ్ళిరా" ఆవిడ గొంతులోనే ఉండిపోయింది. తలుపు పక్కకి జరిగి మూసుకుంది.

కాసేపటికి కుర్రాళ్ళు తడి జుట్లతో, ఆకలితో విరుచుకుపడ్డారు.

"పిన్నీ, కుసునోకి అన్నకి ఏమైందట? ఫోన్లో ఏదేదో రాస్తున్నారు."

సుమియే అన్నం మూత తీసింది. ఆవిరి ముఖాన కొట్టింది.

"పిక్క పట్టేసిందట" అంది.

వాళ్ళకి చోటు చెయ్యడానికి అతని పళ్ళెం తీయబోయి ఆగింది. పక్కనే చిన్న సాస్ గిన్నె ఉంది. దాని అడుగున, నంబరు గుడ్డని బనీనుకి పట్టి ఉంచిన నాలుగు పిన్నీసులు, ఎవరికీ గుచ్చుకోకుండా జాగ్రత్తగా మూసి, ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి.