ఒడ్డున ఎవరూ ఉండరు

అందరి తువ్వాళ్లు, మార్చుకునే బట్టలు, అత్తయ్య మోకాలి పట్టీ, ఆయన కళ్లల్లో వేసుకునే చుక్కల మందు, అమ్మాయి దువ్వెన. పొద్దున్నే లేచి నలుగురికీ తినడానికి కట్టి, ఇవన్నీ పెద్ద సంచిలో సర్దుతున్నాను. ఆయన బూట్ల లేసులు కట్టుకుంటూ అన్నారు. "నువ్వు ఒడ్డున సామాన్ల దగ్గర కూర్చుందువుగానిలే. నీకెలాగూ నీళ్లంటే భయం కదా."

నీళ్లంటే భయమని నేనెప్పుడన్నానో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. పెళ్లయిన కొత్తలో సముద్రానికి వెళ్లినప్పుడు ఆయన చెప్పులూ, గడియారమూ, పర్సూ నా ఒళ్లో పడేసి నీళ్లలోకి పరిగెత్తారు. ఎవరో ఒకరు చూసుకోవాలి కదా అని కూర్చున్నాను. ఆ తర్వాత జలపాతం దగ్గరా అంతే, ఈతకొలను దగ్గరా అంతే. పోను పోను, నన్ను కూర్చోబెట్టిన సంగతి అందరూ మరిచిపోయారు, నాకు భయమన్న మాట మాత్రం మిగిలింది. విడ్డూరం ఏమిటంటే, నేను కూడా నమ్మేశాను.

ఈ ప్రయాణం అమ్మాయి కోరిక. పరీక్షలు బాగా రాస్తే ఎక్కడికైనా తీసుకెళ్తానని వాళ్ల నాన్న నోరు జారారు. వర్షారణ్యంలో ఒక్క రోజు, పొద్దున నది మీద రబ్బరు పడవ, మధ్యాహ్నం గుర్రపు స్వారీ. ఈత రానివాళ్లూ, గుర్రాన్ని బొమ్మలో తప్ప చూడనివాళ్లూ కూడా రావచ్చట. నా బుర్రలో మాత్రం సోమవారమే తిరుగుతోంది. నేను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకు నన్ను ఇన్‌చార్జిగా వేస్తామన్నారు. సోమవారం అవునో కాదో చెప్పాలి. "కాదని చెప్పెయ్, ఆలోచించడానికేముంది?" అని ఆయన వారం నుంచీ అంటున్నారు. "సాయంత్రాలు ఆలస్యమవుతుంది. అమ్మనెవరు చూస్తారు? ఆ మోకాళ్లతో మంచం కూడా దిగలేదు." ఆయన గట్టిగా అరిస్తే నేనూ అరిచేదాన్నేమో. అరవరు. నెమ్మదిగా, నా మంచికే చెప్తున్నట్టు చెప్తారు. అందుకే నేనూ తలూపేస్తాను. ల్యాబులో కాదని చెప్పడానికి మాటలు కూడా కూర్చుకుని పెట్టుకున్నాను.

అత్తయ్యను ఒంటరిగా వదల్లేక వెంట తెచ్చాం. ఆవిడ జీపులోనే కూర్చునేట్టు ఒప్పందం.

అడవిలో వాన ఆగినా చెట్లు ఆగలేదు, ఆకుల మీంచి మెడ మీదికి చుక్కలు రాలుతూనే ఉన్నాయి. పడవ నడిపేది ఒక ఆవిడ. పొట్టి జుట్టు, మెడలో ఈల. అమ్మాయి అప్పుడే ఆవిడకి కెప్టెన్ అని పేరు పెట్టేసింది. వాళ్లంతా లైఫ్ జాకెట్లు బిగించుకుంటుంటే నేను చదునైన రాయి చూసుకుని, ఒళ్లో ఫోన్లూ కళ్లద్దాలూ పెట్టుకుని కూర్చున్నాను.

"మీరింకా జాకెట్ వేసుకోలేదేంటి?" అంది కెప్టెన్.

"నేను రావట్లేదండీ. వీళ్లొచ్చేదాకా సామాన్లు చూసుకుంటాను."

ఆవిడ నవ్వేసింది. "వీళ్లెక్కడొస్తారు? నది వెనక్కి పారదుగా! పడవ కిందికి పోతుంది, జీపు సామాన్లతో ముందే అక్కడికెళ్లిపోతుంది. ఇక్కడ ఒడ్డున ఎవరూ ఉండరు."

"తనకి భయమండీ. జీపులో అమ్మతో వస్తుంది," అన్నారు ఆయన.

"నాకు తోడెందుకురా? డ్రైవరున్నాడుగా, మంచి మాటకారి," అంది అత్తయ్య జీపులోంచి.

కెప్టెన్ ఆయన్ని వదిలేసి నా వైపు తిరిగింది. "భయమా మీకు?"

ఇన్నేళ్లలో ఆ మాట నన్ను అడిగిన మొదటి మనిషి ఆవిడే. "తెలీదండీ. ఎప్పుడూ దిగలేదు," అన్నాను.

"అయితే దిగాక చెప్పండి," అని జాకెట్ చేతికిచ్చింది. ఒళ్లోవన్నీ జీపులో పెట్టేసి వేసుకున్నాను.

పడవలో కూర్చోబెట్టి జాగ్రత్తలు చెప్పింది. "ఎవరైనా పడితే వెల్లకిలా తేలండి, కాళ్లు ముందుకు పెట్టండి. పడవలో ఉన్నవాళ్లు కంగారుపడి దూకొద్దు. ఎవరి జాకెట్ వాళ్లని తేలుస్తుంది."

మొదటి మలుపు దాటేసరికి నేను కేకలు పెడుతున్నాను. ఆ కేకలు భయంతో కావని నాకే ఆశ్చర్యం. చల్లటి నీళ్లు ముఖాన కొడుతుంటే తెడ్డు లోతుగా దించి లాగాను. బాగుంది, చాలా బాగుంది. ఇంత బాగుండేదాన్ని ఇన్నాళ్లూ చెప్పుల పక్కన కూర్చుని చూశానా అని కడుపు మండింది కూడా. "అలా కాదు, నన్ను చూడు, ఇలా పట్టుకోవాలి!" అంటూ ఆయన నాకు నేర్పించడానికి లేచి నిలబడ్డారు. అల ఎగరేసింది. ఆయన నీళ్లలో ఉన్నారు.

నా ఒళ్లు నాకు తెలియకుండానే లేచింది. "కూర్చోండమ్మా! తెడ్డు వెయ్యండి!" అని అరిచింది కెప్టెన్. కూర్చున్నాను. తెడ్డు వేశాను. ఆయన కాళ్లు ముందుకు చాపి, జాకెట్ గడ్డం దాకా జారి, బెండులా తేలుతున్నారు. మేం దగ్గరికి వెళ్లాక కెప్టెన్ ఆయన్ని పడవలోకి లాగింది.

"నేను పడిపోతే అలా కూర్చునే ఉన్నావేంటి?" అన్నారు ఆయన రొప్పుతూ.

"తెడ్డు వేస్తున్నానండీ," అన్నాను. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆయన క్షేమంగా ఉన్నందుకు ప్రాణం లేచొచ్చింది. దాని వెనకే ఇంకో తేలిక. నేను దూకలేదు, ఆయన మునగలేదు. నా చేయి ఒక్క పూట ఆగితే ఇల్లంతా మునిగిపోతుందని ఇన్నేళ్లూ నిద్రలో కూడా చెవి ఒగ్గి పడుకున్నాను.

కింద రేవులో జీపు ఖాళీగా ఉంది. ఆయన గుండె పట్టుకుని "అమ్మేదీ?" అన్నారు. అమ్మాయి చెయ్యి చాపి చూపించింది. గుర్రాల దొడ్డిలో, ముసలి గోధుమరంగు గుర్రం మీద, చీర కుచ్చిళ్లు దోపుకుని, అత్తయ్య! గుర్రాలతను తాడు పట్టుకుని పక్కనే నడుస్తున్నాడు.

"అమ్మా! నీ మోకాళ్లు!"

"నడిచేది గుర్రంరా, నేను కాదు."

"మంచం దిగలేనిదానివి..."

"ఎవరన్నారు దిగలేనని? దిగితే నువ్వు గోల చేస్తావని పడుకుంటున్నా." ఆవిడ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. ఆవిడని కూడా ఆయన మాటల్తోనే కూర్చోబెట్టారన్నమాట.

గుర్రాలతను అత్తయ్య గుర్రం తాడు అమ్మాయి చేతికిచ్చి, ఎక్కడానికి వేసిన మెట్టు బండ దగ్గరికి నాకో గుర్రాన్ని తెచ్చాడు. నేనూ ఎక్కాను. అది రెండడుగులు వేసి గడ్డి మేయడానికి తల వంచింది. "పోవే తల్లీ, పోవే" అని బతిమాలాను. గుర్రాలతను నవ్వాడు. "బతిమాలితే వినదమ్మా. పగ్గం ఒక్కసారి గట్టిగా లాగి వదిలెయ్యండి." లాగాను. తలెత్తింది.

తడిబట్టలతో ఆయన సంచి మోసుకుంటూ వచ్చారు. "ఇది కాస్త పట్టుకో, నేనూ ఎక్కుతాను."

"రెండు చేతులకీ పనుందండీ," అన్నాను. "ఆ, సోమవారం సరేనని చెప్పేస్తున్నాను."

"మరి అమ్మ..." అంటూ ఆయన తల తిప్పారు. వాళ్లమ్మ మనవరాలితో కబుర్లాడుతూ అప్పుడే చెట్ల మలుపు దాటుతోంది. ఆయన సంచి వంక చూశారు, నా వంక చూశారు.

"మరి ఈ సామాన్లెవరో ఒకరు చూసుకోవాలి కదా?"

"చూసుకోండి," అని పగ్గం లాగాను.