ఫ్లెక్సీలో తప్పిపోయిన మాట

ఆర్మూర్ పాత బస్టాండు దగ్గర షేర్ ఆటో నిండితేనే కదులుతుంది. నిండేదాకా మాటలు నడుస్తాయి. జనవరి నెలలో ఆ మాటలు పసుపు గురించి, కాకపోతే గల్ఫ్ గురించి. ఆ రోజు పద్మలత కొత్త టార్పాలిన్ పరదా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉడికిన పసుపు ఆరబోయడానికి కొన్నది. ఎదురుగా కూర్చున్న వేల్పూర్ ముసలామెకు ఊరికే ఉండబుద్ధి కాలేదు.

“ఒక్కదానివే వచ్చినవా బిడ్డా? మీ ఇంటాయన ఏ దేశంల ఉన్నడు?”

“మన దేశంలనే పెద్దమ్మా.”

“మన దేశంలనే ఉంటే ఇంటికాడ ఎందుకు లేడే మరి?”

ఆటో అంతా నవ్వింది. పద్మలత కూడా నవ్వింది. ఆమెకిది అలవాటే.

“మిల్ట్రీల ఉన్నడు. గా మంచు కొండల్ల.”

“అయ్యో పాపం!” అంది ముసలామె. ఆ వెంటనే పక్కామెతో బంగారం ధర గురించి మాట్లాడసాగింది.

పాఠకులు ఈ సంభాషణను గుర్తుంచుకోవాలి. ఈ ప్రాంతంలో ‘దేశం పోయిండు’ అంటే గల్ఫ్‌కు పోయాడని అర్థం. ఇక్కడ చాలా ఇళ్లనుంచి ఎవరో ఒకరు అట్లా పోయినవారే. అందుకని సొంత దేశంలోనే ఉండి, దాని కోసమే ఇంటికి దూరమైన మనిషికి ఇక్కడి మాటల్లో చోటు లేకపోయింది. అతని భార్యకు దక్కింది ఒక ‘అయ్యో పాపం’. అదీ ఆటో కదిలేలోపు అయిపోయింది.

పద్మలత భర్త దయాకర్. వారిది ఆర్మూర్‌ను ఆనుకుని ఉన్న పల్లె. ఇంట్లో అత్త భాగ్యవ్వ, కోడలు, ఇద్దరే మనుషులు. భాగ్యవ్వ భర్త పోయి చాలా కాలమైంది. బీడీలు చుట్టి కొడుకును చదివించింది. సైన్యంలోకి పోతానంటే అడ్డు చెప్పలేదు. బావి కింద ఉన్న కొద్దిపాటి భూమిలో పసుపు వేసి, తడి పెట్టి, కలుపు తీసి, ఆ ఏడు అత్తాకోడళ్లే కూలీలతో కలిసి తవ్వించారు. కళ్లంలో కుప్ప పోశారు. ఇక మిగిలింది ఉడకబెట్టడం.

ఊళ్లో బాయిలర్ ఒకటే. గ్రామాభివృద్ధి కమిటీది. వరుస ప్రకారం కళ్లం నుంచి కళ్లానికి పోతుంది. దాన్ని నడిపేవాడు నాగేందర్. ఆ రోజు వరుస పద్మలతది. ఆటో దిగి ఆమె నేరుగా కళ్లానికి పోయింది. కట్టెలున్నాయి. నీళ్ల డ్రమ్ములున్నాయి. బాయిలర్ లేదు. దూరంగా రాకేష్ కళ్లంలో ఆవిరి లేస్తోంది.

“నాగేందరన్నా, గియ్యాల వరుస మాది గదనే?” అని అడిగింది అక్కడికి పోయి.

“ఔ చెల్లె, మీదే. గని రాకేష్ దుబాయ్ నుంచి లీవు మీద వచ్చిండు. మల్ల దేశం పోవాలె. ఆయనకు ఆగే తీరిక లేదు.”

“మా ఆయనకు లీవే దొరకలే. గందుకే మేమిద్దరమే తవ్వించుకున్నం. కుప్ప లోపల వేడి పుడుతున్నదన్నా. ఇంక ఆగితే కుళ్లుతది.”

“ఏం కాదు. జర ఓపిక పట్టు. మీరైతే ఇంటికాడ్నే ఉంటరాయె.”

ఇంటి దగ్గరే ఉంటారు కాబట్టి ఎప్పుడైనా ఆగవచ్చు. నాగేందర్ చెడ్డవాడు కాడు. కాని చెడ్డవాళ్ల వల్ల జరిగే అన్యాయం కొంచెమే. మిగిలినదంతా ఇట్లా ‘జర ఓపిక పట్టు’ అనే మంచివాళ్లు చేసేదే.

సాయంత్రం కమిటీ పెద్ద దేవిదాస్ వాళ్లింటికి వచ్చాడు. ముఖం నిండా నవ్వు.

“భాగ్యవ్వా, శుభవార్త. ఛబ్బీస్ జనవరి నాడు మీ కుటుంబానికి సన్మానం చేస్తున్నం. బడి కాడ స్టేజీ, మైకు, దయాకర్ ఫోటోతోని పెద్ద ఫ్లెక్సీ. నీకు శాలువ కప్పుతం.”

భాగ్యవ్వ చేతిలో బీడీ ఆకు కత్తిరిస్తూనే ఉంది.

“శాలువ ఏం జేసుకోను దేవిదాసూ? చలి తగ్గవట్టె. బాయిలర్ మా కళ్లానికి తోలు, గదే సన్మానం.”

“గది వేరే, గిది వేరే అవ్వా. రెంటినీ కలపొద్దు,” అని నవ్వి లేచిపోయాడు దేవిదాస్.

ఆ రాత్రి అన్నం తింటుండగా దయాకర్ ఫోన్ చేశాడు. సిగ్నల్ దొరికిన చోట నిలబడి, గాలి హోరులో తల్లికి వినపడేలా అరుస్తున్నాడు.

“అవ్వా, పసుపు ఉడికిందా?”

పద్మలత అత్త వైపు చూసింది. భాగ్యవ్వ రెప్ప కొట్టలేదు.

“మస్తుగ ఉడికింది బిడ్డా. కొమ్ములు బంగారం తీరుగున్నయి. నువ్వేం ఫికర్ చేయకు.”

“అయితె ఛబ్బీస్ నాడు పరేడ్ అయినంక వీడియో కాల్ చేస్త. చూపెట్టుండ్రి. పసుపు వాసన మరిచిపోయిన, కండ్లతోనన్న చూస్త.”

ఫోన్ పెట్టేశాక కోడలు అడిగింది. “అత్తా, గిట్ల అబద్ధం చెప్తివి. గా నాడు ఏం చూపెడ్తం?”

“గాడ తుపాకి పట్టుకొని నిలవడ్డోనికి గీడి కుప్ప సంగతి ఎందుకే? వాని మనసు గీడ ఉంటే కన్ను గాడ ఉంటదా?” అంది భాగ్యవ్వ. “చూపెట్టుడు సంగతి తర్వాత చూద్దాం. అన్నం తిను.”

సరిహద్దులో కాపలా ఒకరిది. ఆ కాపలాదారుడి మనసు చెదరకుండా ఇంటి దగ్గర కాపలా ఉన్నవారు ఇద్దరు. రెండో కాపలాకు బిళ్లలు, పతకాలు ఇవ్వరు.

ఫ్లెక్సీ సంగతి దేవిదాస్ బండి మీద పోతూనే తేల్చేశాడు. ఆర్మూర్‌లోని ఫ్లెక్సీ దుకాణానికి ఫోన్ చేసి, “మా ఊరి దయాకర్, దేశం కోసం పోయినోడు. మంచిగ కొట్టు,” అన్నాడు. గాలికి ‘కోసం’ ఎగిరిపోయింది. ‘దేశం పోయినోడు’ మిగిలింది. ఆ దుకాణంవాడు గల్ఫ్ పోయేవారికి అటువంటి ఫ్లెక్సీలు ఎన్నో కొట్టాడు. పంపిన ఫోటో కూడా దేవిదాస్ ఫోన్‌లో ఉన్న దయాకర్ పెళ్లి ఫోటో. యూనిఫాం ఫోటో ఇంట్లో గోడకే ఉంది. అడిగినవాడు లేడు.

గణతంత్ర దినం నాడు బడి ఆవరణ నిండింది. జెండా ఎగిరింది. పిల్లలు పాడారు. తర్వాత ఫ్లెక్సీ విప్పారు.

సూటు వేసుకున్న దయాకర్ నవ్వుతున్నాడు. వెనుక ఎడారి దేశపు ఆకాశమంత మేడ. మేడ పక్కన విమానం. కింద ఎర్రని అక్షరాలు: ‘దేశం పోయిన మా ముద్దుబిడ్డ దయాకర్‌కు శుభాకాంక్షలు’.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనుక వరుసలో నవ్వు మొదలైంది.

“దయాకర్ దుబాయ్ ఎప్పుడు పోయిండే?”

“మనకు చెప్పకుంట పోయిండు. సెంటు సీసాలు అడుగుతమని!”

దేవిదాస్ ముఖం మాడిపోయింది. ఫ్లెక్సీ దించండని కేకేశాడు. భాగ్యవ్వ అప్పటికే వేదిక ఎక్కింది. మైకు ముందు ఎన్నడూ నిలబడలేదు. అయినా దాన్ని చేత్తో దగ్గరకు లాక్కుంది.

“ఉండనీయ్ దేవిదాసూ, దించకు. దుకాణపాయన తప్పు చేయలే. ఒక్క మాట తప్పిపోయింది. ‘కోసం’ అన్న మాట. అయితె గా మాట మన ఊర్ల ఎప్పుడో తప్పిపోయింది. దేశం పోయినోడు వస్తే బాయిలర్ ముందుగాల్ల పోతది. దేశం కోసం పోయినోడు రాకుంటే వాని పెండ్లాన్ని ఓపిక పట్టుమంటరు. దుబాయ్ పోయినోళ్లను తక్వ చేస్తలేను. వాళ్ల కష్టం నాకెర్కనే. గని మా పసుపు కళ్లంల వేడెక్కుతుంటే నాకు శాలువ కప్పితె, గా శాలువ నాకు ముండ్లు గుచ్చుకుంటది.”

నవ్వు ఆగిపోయింది. ముందు వరుసలోంచి రాకేష్ లేచాడు. తెల్లచొక్కా, చేతికి మెరిసే గడియారం.

“నాగేందరన్నా! వాళ్లకు తొందర లేదని చెప్తివి గదనే? వరుస వదినెదా?”

నాగేందర్ తల దించుకున్నాడు.

రాకేష్ పద్మలత వైపు తిరిగాడు. “నాకు తెల్వదు వదినె. తెలిస్తే ముట్టకపోదును. గాడ క్యాంపుల పంటె నాకు ఇంటి మీదనే పానం. నేను పోయేది నా ఇంటి కోసం. మా దయాకరన్న పోయింది మనందరి ఇండ్ల కోసం. నా పసుపు సగం మిగిలింది. మిగలనీ. పట్టుండ్రి, బాయిలర్ గుంజుదాం.”

మైకులో ఇంకా ఎవరో ధన్యవాదాలు చెబుతున్నారు. వినేవారు లేరు. ట్రాక్టర్ తెచ్చారు. ఇస్త్రీ చొక్కాల మనుషులు బాయిలర్‌ను పద్మలత కళ్లానికి చేర్చారు. ఆడవాళ్లు కొంగులు బిగించి తట్టలెత్తారు. కుప్ప అడుగున కొంత పాడైంది. దాన్ని పక్కకు తీశారు. మిగిలినది గట్టిగానే ఉంది. కట్టెలు అంటుకున్నాయి. ఆవిరి లేచింది. పసుపు వాసన వాకిళ్ల దాకా పాకింది.

దేవిదాస్ శాలువ తెచ్చి ఇబ్బందిగా నిలబడ్డాడు. భాగ్యవ్వ దాన్ని అతని చేతుల్లోంచి తీసుకుని, పొగ తగలకుండా తలకు చుట్టుకుంది.

“ఇప్పుడు అక్కరకొచ్చింది,” అంది. అతను కూడా నవ్వి తట్ట అందుకున్నాడు.

అప్పుడే ఫోన్ మోగింది. తెరమీద దయాకర్, యూనిఫాంలో. పద్మలత ఫోన్ తిప్పి అంతా చూపించింది. ఆవిరి, పరదా మీద పొగలు కక్కుతున్న కొమ్ములు, చెమటతో రాకేష్, తట్టెత్తిన దేవిదాస్.

“అవ్వా! మొన్ననే ఉడికిందంటివి గదనే?”

“గది వేరే, గిది వేరే బిడ్డా,” అంది భాగ్యవ్వ.

కళ్లం అంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నవ్వింది దేవిదాసే. ఎందుకు నవ్వుతున్నారో దయాకర్‌కు తెలియలేదు. తెలియకుండానే అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూస్తూ పద్మలత కళ్లు తుడుచుకుంది. పొగ వల్ల అని చెప్పింది.

ఆ సాయంత్రం కమిటీ ఒక మాట అనుకుంది. ఇకమీదట సైన్యంలో ఉన్నవారి కళ్లం నుంచే ఏటా బాయిలర్ మొదలవుతుంది. చప్పట్లు లేవు. నాగేందర్ ముందుగా తలూపాడు.

మన ఊళ్లకు సైనికులు ఏడాదికి రెండు రోజులే గుర్తుకొస్తారు. ఆ రెండు రోజుల్లో కూడా వారి ఇంటి గడప గుర్తుకు రాదు. సైనికుణ్ణి గౌరవించాలనుకునే ఊరు ముందు అతని కళ్లానికి పోవాలి. వేదిక తర్వాత కట్టుకోవచ్చు.