గడియ పెట్టం

ఆమె ఒక పిల్లవాడి పాంటు అంచు విప్పుతోంది. కుట్లు విప్పడానికి బజార్లో చక్కటి పనిముట్టు దొరుకుతుంది, రెండుసార్లు కొంది కూడా. అయినా చెయ్యి పాత బ్లేడు ముక్క మీదికే పోతుంది. మూడు నాలుగు కుట్లకొకటి తెంపి, గుడ్డను రెండు పక్కలా పట్టి లాగితే మిగతావి వాటంతటవే వదిలేస్తాయి. పోయినేడు ఇదే పాంటును ఆమే లోపలికి మడిచి కుట్టింది. ఏడాదికి పిల్లవాడు జానెడు పెరిగాడు. మడత లోపల దాగిన గుడ్డ ఇంకా కొత్త రంగులో ఉంది, బయటిది వెలిసిపోయింది. ఈ తేడా కనిపించకుండా ఎలా సర్దాలా అని ఆమె కాసేపు ఆలోచించింది.

డ్రైక్లీనింగు దుకాణానికీ తాళాలు బాగుచేసే కొట్టుకూ నడుమ, ఎవరో కట్టడం మరిచిపోయి వదిలేసినట్టున్న సందులో ఉంటుంది ఆమె గది. అద్దాల తలుపు, దాని మీద 'ఆల్టరేషన్లు' అన్న స్టిక్కరు, లోపల ఒక మోటారు మిషను, ఒక ఇస్త్రీ బల్ల, ఒక్క మనిషి నిలబడే పాటి అద్దం. కొత్త బట్టలు కుట్టదు. పొడుగు తగ్గించడం, నడుము వదలడం, జిప్పు మార్చడం, అంతే. వచ్చేవాళ్ళు టైలరమ్మా అని పిలుస్తారు. ఇన్నేళ్ళలో పేరడిగిన వాళ్ళు లేరు, ఆమె చెప్పిందీ లేదు.

కానీ ఆమెకు ఇంకో పేరుంది. దారపుండల డబ్బాకు ఆనించి నిలబెట్టిన ఫోనులో ఆమె పేరు కత్తెర.

కుట్టుగది అని ఒక చర్చావేదిక. పాత కుట్టుమిషన్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు ఎక్కడెక్కడివాళ్ళో అక్కడ చేరి మాట్లాడుకునేవారు. మొదలైంది మిషన్ల గురించే. పోను పోను మోకాళ్ళ నొప్పులు, కోడళ్ళ కోపాలు, పెరట్లో కాసిన కాయలు అన్నీ వచ్చి కూర్చున్నాయి. అందరికీ మారుపేర్లే. కాజాల అత్తయ్య, నూనెడబ్బా, బాబిన్ బాబాయి. ఒకరి ముఖం ఒకరు చూసింది లేదు. అయినా ఎవరికి తుమ్ము వచ్చినా మిగతావాళ్ళు చిరంజీవ అనేవారు.

ఆమె అక్కడికి మొదటిసారి వెళ్ళింది అమ్మ పోయిన నెలలో. అమ్మ చేతిమిషను ఒకటి మిగిలింది, నల్లటిది, పక్కన చక్రం తిప్పి కుట్టేది. ఇల్లు మారే హడావుడిలో దాని బాబిన్ కేసు ఎక్కడో పడిపోయింది. కిందిదారం పట్టి ఉంచే ఆ చిన్న ఇనుప గిన్నె లేకపోతే ఎంత గొప్ప మిషనైనా ముక్కాలిపీటతో సమానం. ఆ రకానివి తయారు కావడం ఏనాడో ఆగిపోయింది. ఎక్కడ దొరుకుతుందండీ అని రాస్తే, బాబిన్ బాబాయి జవాబిచ్చాడు. దొరుకుతుంది, వెతుకుదాం, ముందు ఆ మిషను ఎవరిదో చెప్పమ్మాయ్ అన్నాడు. చెప్పింది. చాలాసేపు చెప్పింది. పక్కగదిలో ఉన్న అక్కతో కూడా అనని మాటలు ముఖం తెలియని మనిషికి చెప్పుకుని ఏడ్చింది. అప్పటి నుంచీ ఆయన ఆ కేసు కోసం వెతుకుతూనే ఉన్నాడు. కంగారుపడకు కత్తెరా, దొరికాక దారం చుట్టి మరీ పంపిస్తాను, అప్పుడు కొస మాత్రం జానెడు బయటికి వదిలి ఉంచుకో, కొస లోపలికి పోతే వెతుక్కోవడం చావు అనేవాడు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ ఆయన చెప్పే మొదటి పాఠం ఆ కొస గురించే.

బాబాయికి అలక ఎక్కువ. వంటనూనె మిషనుకు పోయొచ్చని ఎవరో అన్నందుకు ఒకసారి, చేతిమిషన్లు బొమ్మలతో సమానమని ఇంకెవరో అన్నందుకు మరోసారి, ఇక నా ముఖం మీరు చూడరు అని పెద్ద ఉత్తరం రాసి వెళ్ళిపోయేవాడు. అలా వెళ్ళేవాళ్ళకు కుట్టుగదిలో ఒక ఆనవాయితీ ఉంది. ముందుగా చూసినవాళ్ళు 'తలుపు దగ్గరికేసి వెళ్ళు' అని రాయాలి. దాని కింద ఇంకొకరు 'మేం గడియ పెట్టం' అని రాయాలి. రెండూ ఒకరే అనకూడదు. ఒకరు సాగనంపాలి, ఒకరు ఉంచుకోవాలి, అదీ లెక్క. ఆ రెండో మాట కోసం జనం పోటీ పడేవారు. సాయంత్రానికల్లా బాబాయి గొడుగు మరిచిపోయాను, తీసుకుపోదామని వచ్చాను అంటూ తిరిగొచ్చి, మరునాడు ఏమీ జరగనట్టే కూర్చునేవాడు.

ఇప్పుడా కుట్టుగది చేతులు మారింది. కొత్తొక వింత, పాతొక రోత అన్నారు కదా, కొన్నవాళ్ళకు పాతదంతా రోతే అయింది. గోడలకు రంగులు మార్చారు. ఏళ్ళ తరబడి రాసుకున్నదంతా 'పాత సామాను' అని ఒక మూల పడేశారు. అందరికీ సున్నా నుంచి పాయింట్లు పెట్టి, మిషన్ల నడుమే జుట్టు నెరిసినవాళ్ళ పేర్ల పక్కన 'కొత్త సభ్యులు' అని రాశారు. పాయింట్లు వచ్చేదాకా ఎవరూ ఎవరికీ విడిగా ఉత్తరం రాసుకోకూడదట. ఎవరేమన్నా క్షణంలో బదులిచ్చే 'సహాయకుడు' అనే యంత్రాన్ని కూడా తెచ్చి నిలబెట్టారు. మొదట అందరూ నవ్వారు. తరువాత విసుక్కున్నారు. తరువాత కొత్తవాళ్ళతో పోట్లాడారు. వాళ్ళు వినకపోయేసరికి, దెబ్బలాటకు మనుషులు కావాలి కాబట్టి, తమలో తామే పోట్లాడుకున్నారు. నూనెడబ్బా పోయిన నెల వెళ్ళిపోయాడు, గొడుగు కోసమైనా రాలేదు. అందరం కట్టగట్టుకుని పోదాం అని కాజాల అత్తయ్య, ఉండి చూద్దాం అని ఆమె. నిన్నటి మాటల్లో అత్తయ్య ఇక నీతో మాట్లాడనే మాట్లాడను అనేసింది.

ఈ పొద్దున తాళం తీసి, దీపం వేసి, మిషను మీది గుడ్డ తొలగించి ఫోను చూసేసరికి బాబాయి వీడ్కోలు కనిపించింది.

'పిల్లలూ, వెళ్ళొస్తాను. చాలాకాలం దగ్గర కూర్చోబెట్టుకున్నారు. సంతోషం.'

ఇదిగో, మళ్ళీ మొదలెట్టాడు అనుకుని ఆమె నవ్వుకుంది. వెంటనే 'తలుపు దగ్గరికేసి వెళ్ళు బాబాయ్' అని రాసి, పిల్లవాడి పాంటు అందుకుంది.

అంచు విప్పడం అయింది, కొత్త గీత మీద మడత ఇస్త్రీ చేయడం అయింది, చేతికుట్టు అయింది. మధ్యమధ్య ఫోను చూస్తోంది. రెండో మాట రాలేదు. అత్తయ్య పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది, అంటే చూసింది. చూసి ఊరుకుంది. ఆవిడ అలక తనమీదేనని ఆమెకు తెలుసు. కింద సహాయకుడు మాత్రం రాశాడు. 'మీ ప్రశ్నకు ధన్యవాదాలు. వెళ్ళిరావడానికి సంబంధించి మీకు ఉపయోగపడే సూచనలు ఇవి' అని మొదలుపెట్టి, ప్రయాణంలో కుట్టుమిషనును ఎలా కట్టి ఉంచాలో వివరించాడు. ఇంకోరోజైతే పొట్ట చెక్కలయ్యేలా నవ్వేది.

మధ్యాహ్నం అక్క టిఫిను డబ్బా తెచ్చింది. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు. అక్కకు భర్త పోయాడు, ఈమెకు పెళ్ళే కాలేదు. అక్క ఇస్త్రీ బల్ల మీద డబ్బా విప్పుతూ, తింటూ ఫోను చూస్తున్న చెల్లెల్ని చూసి మూతి విరిచింది.

"అది కూటికొస్తుందా, గుడ్డకొస్తుందా?"

"గుడ్డకొస్తుందక్కా," అంది ఆమె. ఏళ్ళుగా ఇదే ప్రశ్న, ఇదే జవాబు.

అక్క వెళ్ళాక బాబాయి రాసిన ఆ మూడు ముక్కలూ మళ్ళీ చదివింది. ఇప్పుడు ఎక్కడో కలుక్కుమంది. ఎప్పుడూ వెళ్ళిపోతున్నాను అనేవాడు, ఇవాళ వెళ్ళొస్తాను అన్నాడు. ఎవరినీ తిట్టలేదు. ఎవరి మీదా నేరం మోపలేదు. సంతోషం అన్నాడు. సంతోషంగా ఉన్నవాడు ఎందుకు వెళ్తాడు? విడిగా రాసి అడుగుదామంటే ఆమె కొత్త సభ్యురాలు. ఫోను నంబరు తెలియదు, ఊరు తెలియదు, పేరు తెలియదు.

ఆనవాయితీ పాడుగాను అనుకుంది. రెండోది కూడా తనే రాసేస్తే ఎవరేమంటారు, అనడానికి అసలు ఎవరున్నారు? 'మేం గడియ' దాకా రాసింది. అద్దాల తలుపు తోసుకుని ఒక నర్సు వచ్చింది. యూనిఫాం జిప్పు పళ్ళూడిపోయి, వెనకాల రెండు పిన్నీసులతో నిలబెట్టుకుంది. ఇంకాసేపట్లో డ్యూటీ ఎక్కాలి, పుణ్యముంటుందమ్మా, కాస్త చూడు అంది. ఆమె ఫోను బోర్లా పెట్టింది.

పాత జిప్పు ఊడదీసి, కొత్తది పట్టించి, మొదట చేత్తో పెద్దకుట్లు వేసి, తరువాత మిషను మీద ఒకవైపు, ఆపైన రెండోవైపు. ఇలాంటివి తొందరలో చేస్తే పక్కకు లాక్కుపోతాయి. ఆమెకు తొందరగా చేయడం చేతకాదు. నర్సు అద్దంలో చూసుకుని, సరిపోయిందంటూ పరుగున వెళ్ళింది. ఆమె చేతులు తుడుచుకుని ఫోను తిప్పింది.

బాబాయి మాట మీద బూడిదరంగు గీత పడి ఉంది. 'పరిష్కారమైంది. ఈ చర్చ మూసివేయబడింది.' కింద రాయడానికి చోటు లేదు. ఆమె అన్న మొదటి మాట అక్కడే ఉంది, దాని కింద ప్రయాణంలో మిషను కట్టే విధానం, అంతటితో సరి. వేలితో ఎక్కడెక్కడో నొక్కి చూసింది. ఏదీ కదలలేదు. ఒళ్ళు మండిపోయింది. ఆ కొన్నవాళ్ళెవరో ఎదురుగా ఉంటే పాత బ్లేడు ముక్కతోనే మాట్లాడేది. సాయంత్రం గొడుక్కోసం వస్తాడుగా, అప్పుడే చెబుదాం అని తనకు తాను సర్దిచెప్పుకుని, ఒక లావుపాటి పెద్దమనిషి కోటు నడుము వదలడానికి కూర్చుంది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అక్క ఆరిన బట్టలు మడత పెడుతోంది. చెప్పులు విప్పుతూ ఫోను చూసిన ఆమె ముఖం విచ్చుకుంది. బాబిన్ బాబాయి పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోంది. కొత్తగా ఏదో రాశాడు కూడా.

"వచ్చాడక్కా, మా బాబాయి గొడుగు కోసం వచ్చాడు," అంటూ కుర్చీలో కూర్చుని చదివింది.

'నమస్కారం. నేను ఈయన కూతురిని. నాన్న ఇవాళ మధ్యాహ్నం పోయారు. గుండె జబ్బుతో నెల నుంచీ ఆసుపత్రిలోనే ఉన్నారు, మీకెవరికీ చెప్పొద్దన్నారు. పొద్దున మీకు రాసింది నేనే, ఆయన చెబుతుంటే. తలుపు దగ్గరికేసి వెళ్ళమని ఎవరో రాసింది చదివి వినిపిస్తే చాలా నవ్వారు. ఇంకోటి రావాలి, వచ్చిందా చూడమ్మా అని చాలాసార్లు అడిగారు. రాలేదు నాన్నా అన్నాను. ఆ ఇంకోటి ఏమిటో నాకు తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే చెప్పండి.'

ఆమె ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది. ఒక చెప్పు కాలికే ఉంది. ఏడుపు వెంటనే రాలేదు. నర్సు జిప్పు రెండో వైపు కుడుతున్న వేళ గుర్తొచ్చింది. అప్పుడు అడుగుతున్నాడేమో. నాలుగు అక్షరాలు రాసి బోర్లా పెట్టింది తను. ఇంకో రెండు రాస్తే ఏం పోయేది? జిప్పు ఎక్కడికీ పారిపోదు కదా. అప్పుడు వచ్చింది ఏడుపు, అమ్మ పోయినప్పటిలాగే, ఆపుకోవడం చేతకాకుండా.

అక్క మడతపెడుతున్న దుప్పటి వదిలేసి వచ్చింది. కూటికా గుడ్డకా అనలేదు. ఆమె ఒళ్ళోంచి ఫోను తీసి, కళ్ళు చికిలించి, ఒక్కో మాటా కూడబలుక్కుని చదివింది.

"ఆయన పేరేంటే?"

"తెలీదక్కా."

అక్క పక్కనే కింద కూర్చుని, కాలికి మిగిలిన ఆ రెండో చెప్పు విప్పి పక్కన పెట్టింది.

కాసేపటికి ఫోను మోగడం మొదలైంది. ముందు కాజాల అత్తయ్య. 'మేం గడియ పెట్టం. ఇది పొద్దున నేను రాయాల్సింది అమ్మాయ్. కోపంలో ఉండి రాయలేదు. నన్ను క్షమించమని నాన్నగారికి చెప్పు.' ఇక చెప్పడానికి నాన్నగారు లేరన్న సంగతి రాశాక గుర్తొచ్చిందేమో, ఆవిడ మరేమీ రాయలేదు. తరువాత పోయిన నెల వెళ్ళిపోయిన నూనెడబ్బా. 'మేం గడియ పెట్టం.' తరువాత ఏళ్ళుగా కనిపించని పేర్లు, పాత సామానులోకి పోయాయనుకున్న పేర్లు, ఒకదాని కింద ఒకటి అదే మాట. ఎలా తెలిసిందో, ఎవరు ఎవరికి చెప్పారో. గదంతా నిండింది. ఆమె మాత్రం రాయలేదు. మొదటి మాట తనది. రెండూ ఒకరే అనకూడదు.

చివర్లో కూతురు మళ్ళీ రాసింది. ఇదేనా ఆ ఇంకోటి, ఇవన్నీ ఆయన పక్కన కూర్చుని పైకి చదివాను అంది. కత్తెర అనే ఆవిడ ఎక్కడుంటారో తెలిస్తే చెప్పమంది. ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు ఎక్కడినుంచో తెప్పించి, తుడిచి, నూనె వేసి, ఆవిడకు పంపమని బల్ల మీద పెట్టారట. కింద ఒక ఫోటో ఉంది.

పాత చెక్కబల్ల, దాని మీద మడిచిన తెల్లగుడ్డ, గుడ్డ మీద చిన్న ఇనుప బాబిన్ కేసు. లోపల నల్లదారం చుట్టి ఉంది, దాని కొస జానెడు బయటికి వదిలి ఉంది.