వరహాలమ్మగారి వీధి తలుపు

నేను ఒక తలుపును. ఓక్ చెక్కతో చేసిన వీధి తలుపును. న్యూజెర్సీలో ఒక చిన్న ఊళ్ళో, మేడ ఉన్న పాత ఇంటికి నన్ను బిగించారు. నన్ను చేసిన వడ్రంగి చివరిసారి చిత్రిక పట్టి, "నువ్వు మూసుకుంటే రాజైనా బయటే ఉండాలి" అని వీపు తట్టాడు. ఈ దేశ రాజ్యాంగంలో నాలుగో సవరణ అని ఒకటుందట. కారణం చూపి జడ్జి దగ్గర వారెంటు తెచ్చుకోనిదే సర్కారు మనుషులు ఇల్లు సోదా చెయ్యకూడదని దాని తాత్పర్యం. అంటే దానికి కాపలా నేనేనన్నమాట. ఆ గర్వంతోనే చాలాకాలం గడిపాను.

నా మొదటి యజమాని పక్కింటివాడు పలకరించినా గొలుసు తియ్యకుండానే మాట్లాడేవాడు. తరవాత వచ్చినావిడ నాకు ఏటా రంగు వేయించేది గాని, నన్ను తట్టేవాళ్ళే ఉండేవారు కాదు. ఆ పైన విశాఖపట్నం వరహాలమ్మగారి చేతికి వచ్చాను. ఇక నాకు తెరుచుకోవడమే పని. ఉత్తరాలు తెచ్చేవాడికి మజ్జిగ, మంచు తీసేవాడికి పెసరట్టు. మనిషిని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడడం ఆవిడ ఇంటావంటా లేదు.

అలాగని ఆవిడకు చట్టం తెలియదనుకోకండి. పౌరసత్వ పరీక్షకు చదువుతూ, పోపు వేస్తూ కూడా "వారెంటు, జ్యూరీ, మౌనంగా ఉండే హక్కు" అని వల్లించేది. పరీక్ష పాసయింది కూడా.

మేడమీద గదిలో టాక్సీ నడిపే చిట్టిబాబు అద్దెకుండేవాడు. కారులో జనం మరిచిపోయిన ఫోన్లు చెప్పుల పెట్టెలో దాచి, సెలవు దొరికినప్పుడు సొంతదారులను వెతికి ఇచ్చి వచ్చేవాడు. ఒక ఉదయం ఇద్దరు పోలీసులు నన్ను తట్టారు. ఊళ్ళో ఫోన్లు పోతున్నాయట, వాటిలో కొన్ని చిట్టిబాబు టాక్సీ ఎక్కినవాళ్ళవేనట. వాళ్ళలో పెద్దవాడు, డోనొవన్ అనే ఆయన, లోపలికి రావచ్చా అని అడిగాడు.

"అయ్యో, గుమ్మంలో నిలబడతారేటి బాబూ! కమిన్, కమిన్. కాఫీ పెడతాను," అంది వరహాలమ్మగారు.

పాలు పొంగేలోగా వాళ్ళు మేడెక్కేశారు. దిగేటప్పుడు ఒకరి చేతిలో చెప్పుల పెట్టె, ఇంకొకరి చేతిలో చిట్టిబాబు రెక్క.

"అక్కా, నేనేం చెయ్యలేదు," అన్నాడు నన్ను దాటుతూ.

గ్లాసుల్లో పోసిన కాఫీ అలాగే చల్లారిపోయింది. ఆవిడ నాకు ఆనుకుని కూలబడి, "నా నోటితో నేనే పిలిచాను కదరా తండ్రీ!" అని ఏడ్చింది. నాకూ సిగ్గేసింది. కాపలా అని విర్రవీగినదాన్ని, కిర్రుమని అయినా అనకుండా తెరుచుకున్నాను. ముందురోజే ఆవిడ నా మడతబందులకు కొబ్బరినూనె రాసింది మరి.

చిట్టిబాబు బెయిలు మీద వచ్చాడు. కేసు నిలిస్తే జైలు, ఆపైన టాక్సీ లైసెన్సు పోతుంది. ఎప్పటిలాగే ఆవిణ్ణి 'అక్కా' అని పిలిచాడు. అదే ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది.

తలుపులకు సమన్లు రావు కాబట్టి కోర్టులో ఏం జరిగిందో నేను చూడలేదు. ఆ సాయంత్రం ఆవిడ నా గడియ పట్టుకుని పక్కింటావిడకు చెబుతుంటే విన్నాను.

"సోదాకి ఒప్పుకున్నావా అని అడిగారు జడ్జిగారు. రమ్మన్నాను, అబద్ధమెందుకూ! మా ఇంటికి ఎవరొచ్చినా రమ్మంటాం. కూకుని కాఫీ తాగమన్నాను గానీ, ఆ బాబు గది గాలించమన్లేదు కదండీ, అన్నాను."

ఇంట్లోకి పిలవడం వేరు, సోదాకు సమ్మతించడం వేరు అన్నాడట జడ్జి. పైగా అద్దెకిచ్చిన గది సోదాకు ఒప్పుకునే హక్కు ఇంటావిడకు లేదట. పెట్టెను సాక్ష్యంగా తీసుకోనన్నాడు, కేసు పోయింది. ఆ వారమే చిట్టిబాబు మళ్ళీ ఫోన్ల సొంతదారులను వెతకడానికి బయలుదేరాడు.

ఏళ్ళు గడిచాయి. అడుగున చెక్క పుచ్చి, నా స్థానంలోకి ఉక్కు తలుపు వచ్చింది. పనివాడు నన్ను చెత్తబండి ఎక్కించబోతే వరహాలమ్మగారు వద్దని, పుచ్చింది కోయించి, నాలుగు కాళ్ళు కొట్టించి వరండాలో బల్లగా వేయించింది.

మొన్న డోనొవన్ మళ్ళీ వచ్చాడు, జుట్టంతా నెరిసింది. వీధిలో ఎవరిదో కారు పోయిందట. ఆవిడ బయటికి వచ్చి, ఉక్కు తలుపును తన వెనకాల చేరవేసింది.

"వారెంటు తెచ్చారా బాబూ?"

"లేదమ్మా. రెండు ప్రశ్నలంతే."

"అయితే ఇక్కడే కూకోండి. కాఫీ తెస్తాను."

ఆయన నవ్వి, టోపీ తీసి నా మీద పెట్టాడు. నేనిప్పుడు తెరుచుకోలేను, మూసుకోలేను. అయినా ఆ పూట ఆ ఇంట్లోకి ఎవరూ వెళ్ళలేదు. కాఫీ కూడా చల్లారలేదు.